కరాచీ నుంచి చిలికా ఒడ్డుకు: ఒక నౌకాదళ బడి ప్రయాణం



మీలో చాలామంది బరంపురంలో రైలెక్కి భువనేశ్వరం వైపు వెళ్ళే ఉంటారు. రంభ స్టేషను దాటాక కుడివైపు కిటికీలోంచి చిలికా సరస్సు కనబడుతుంది. పడవలు, నీళ్ళలో పాతిన వలకర్రలు, చలికాలమైతే దూరదేశాల పక్షులు. ఆ సరస్సు ఒడ్డునే, బాలుగావ్ దగ్గరలో, గోడ కట్టిన ఒక పెద్ద ఆవరణ ఉంది. దాని పేరు ఐ.ఎన్.ఎస్. చిల్కా. భారత నౌకాదళంలో నావికుడుగా ఎంపికైన కుర్రవాడు, ఏ రాష్ట్రం వాడైనా సరే, మొదట పెట్టె దింపేది అక్కడే.

ఆ బడి అక్కడ పుట్టింది కాదు. అక్కడికి విశాఖపట్నం నుంచి వచ్చింది. విశాఖపట్నానికి కరాచీ నుంచి వచ్చింది. ఉద్యోగం కోసం ఊరు విడిచిన మనిషిలాగే ఆ బడి కూడా ఊళ్ళు మారింది. ఈ వేళ ఆ ప్రయాణం కథ చెప్పుకుందాం. దానితోపాటు, ఒక నౌకా స్థావరం వచ్చిన చోటికి ఎవరు వస్తారు, ఎలా స్థిరపడతారు, వాళ్ళకోసం చోటు వదిలి ఎవరు కదలవలసి వస్తుంది అన్నది కూడా చూద్దాం. తాతల కాలంనుంచి పరరాష్ట్రంలో కాపురం ఉంటున్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పి తెలియవలసింది కాదు. అయినా దాని చరిత్ర తెలిస్తే మంచిది.

ముందు విశాఖతో మొదలుపెడదాం. 1901 జనాభా లెక్కల నాటికి విశాఖపట్నం సుమారు నలభై వేలమంది ఉన్న ఊరు. జిల్లా మాత్రం చాలా పెద్దది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం జమీందారీ అంతా విశాఖపట్నం జిల్లాలోదే. బరంపురం, పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉండేవి, అదీ మద్రాసు రాజధానిలోనిదే. అంటే ఈనాడు సరిహద్దుకు ఇటు ఉన్న మీ ఊళ్ళకు అప్పట్లో విశాఖ పరాయి ఊరు కాదు.

విశాఖ ఓడరేవుకు కారణం ఒక కొండ. సముద్రంలోకి ముక్కు చాపినట్టున్న ఆ కొండను ఇంగ్లీషువాళ్ళు డాల్ఫిన్స్ నోస్ అన్నారు. దాని వెనుక ఉప్పుటేరు, చిత్తడినేల. కొండ చాటున అలల పోటు తగ్గుతుంది గనుక లోపలికి లోతుగా తవ్వుకుంటే ఓడలకు మంచి ఆశ్రయం అవుతుంది. బ్రిటిష్ అడ్మిరాల్టీకి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ 1914లోనే ఈ చోటును సమర్థించాడు. మధ్యపరగణాల సరుకును సముద్రానికి చేర్చడానికి ఇది దగ్గర దారి అని అప్పటి ఆలోచన. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు రేవు పని నడిపించారు. రాయపూరు నుంచి రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరే రైలుమార్గం కూడా ఆ ఆలోచనలో భాగమే. జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచి, వాటినే అలలకు అడ్డుకట్టగా చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కాలువ గుండా లోపలికి వచ్చింది. అదే ఏడు డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు.

ఇంకా తొమ్మిదేళ్ళు నిండకముందే ఆ రేవు మీదికి యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వార్తతో విశాఖ జనం చేతికందిన మూట కట్టుకుని లోపలి పల్లెలకు బయలుదేరారు. కొందరు బళ్ళ మీద, కొందరు నడిచి. బంధువులున్న ఊరే ఊరు, లేనివారికి సత్రమే గతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా యుద్ధకాలంలో గుంటూరుకు మకాం మార్చవలసి వచ్చింది. ఊరివాళ్ళు బయటికి పోతుంటే సిపాయిలు, నావికులు లోపలికి వచ్చారు. నౌకా స్థావరం ఉన్న ఊరి స్వభావమంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. ఒకరు పెట్టె సర్దుకుని వస్తుంటే, ఇంకొకరు మూట కట్టుకుని పోతుంటారు.

ఆ యుద్ధకాలంలోనే విశాఖలో రాయల్ ఇండియన్ నేవీ స్థావరం ఏర్పడింది. దానికి సర్కార్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎక్కడిదో మీకు తట్టే ఉంటుంది. ఉత్తర సర్కారుల నుంచి తీసుకున్న పేరు అది. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదు సర్కారులు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన నేల. అందులో శ్రీకాకుళం సర్కారులో గంజాం కూడా కలిసి ఉండేది. కాబట్టి ఐ.ఎన్.ఎస్. సర్కార్స్ అన్న బోర్డు మీద ఉన్నది ఆంధ్రదేశం పేరే కాదు, సరిహద్దుకు ఇటువైపున్న మీ నేల పాతపేరు కూడాను.

ఇప్పుడు కరాచీ సంగతి. యుద్ధకాలంలో నౌకాదళం త్వరత్వరగా పెరిగింది. కుర్రవాళ్ళకు తర్ఫీదు ఇచ్చే బడులు ఎక్కువగా కరాచీ రేవు దగ్గర పెట్టారు. మీసాలు రాని వయసులో దళంలో చేరినవాళ్ళకు అక్కడి బహదూర్ అనే స్థావరంలో మొదటి పాఠాలు. ఫిరంగులు పేల్చడం నేర్పే హిమాలయ, రాడార్ నేర్పే చమక్ కూడా అక్కడే. 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికులు తిరగబడినప్పుడు కరాచీలోని ఈ కుర్రవాళ్ళూ వారితో కలిశారు.

1947 ఆగస్టులో దేశం రెండైంది. నౌకాదళాన్నీ పంచారు. ఓడల్లో ఎక్కువ భాగం భారతదేశానికి వచ్చాయి. బడులు మాత్రం కరాచీలో ఉన్నాయి గనుక పాకిస్థానుకు పోయాయి. ఓడను తెచ్చుకోవచ్చు, బడిని ఎలా తెచ్చుకుంటారు? గోడలు, మైదానం, పాఠాలకు పెట్టిన యంత్రాలు అక్కడే ఉండిపోయాయి. వచ్చింది మనుషులే, వాళ్ళకు తెలిసిన పనే. ఫిరంగి విద్య బడిని కొచ్చిలో మళ్ళీ మొదలుపెట్టారు. కుర్రవాళ్ళ బడి విశాఖపట్నంలో, సర్కార్స్ ఆవరణలోకి వచ్చింది.

ఆ రోజుల్లో విశాఖకు దిగిన కుర్రవాడిని ఒకసారి ఊహించుకోండి. పంజాబు వాడో, కేరళ వాడో, బెంగాలీయో. ఒక్క తెలుగు మాట రాదు. ఉక్కపోత, ఉప్పుగాలి, చేపల వాసన. ఊరివాళ్ళకూ అతని భాష రాదు. 1951 లెక్కల నాటికి విశాఖ జనాభా లక్ష దాటింది, అంతే. అలాంటి ఊళ్ళో ఇన్ని రాష్ట్రాల కుర్రవాళ్ళు సెలవుపూట తెల్లబట్టలు వేసుకుని బజారుకు వస్తే, ఆ ఊరు వాళ్ళను చూసి నేర్చుకుంది, వాళ్ళు ఊరిని చూసి నేర్చుకున్నారు.

నౌకాదళంలో ఒక చిత్రమైన ఆచారం ఉంది. నేలమీద కట్టిన స్థావరాన్ని కూడా ఓడ అనే అంటారు. అందుకే ముందర ఐ.ఎన్.ఎస్. అని ఉంటుంది. వంటశాల గ్యాలీ. నేల డెక్కు. గేటు దాటి బజారుకు పోవడమంటే ఒడ్డుకు పోవడం. కొత్తగా వచ్చిన కుర్రవాడు సొంత భాష పక్కనపెట్టి ముందు ఈ భాష నేర్చుకుంటాడు. పరాయిచోట బతకడానికి మొదటి మెట్టు అదే కదా.

1960ల దాకా విశాఖ స్థావరం చిన్నదే. నౌకాదళం బలమంతా పడమటి తీరంలో, బొంబాయిలో ఉండేది. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, జలాంతర్గాములు, కొత్త యుద్ధనౌకలు వస్తాయని తేలాక, వాటికి ఇల్లు విశాఖలో కట్టాలని నిర్ణయించారు. మొదటి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న రీగా రేవులో దళంలో చేరింది. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. మరమ్మతుల కార్ఖానా పెద్ద డాక్‌యార్డు అయింది. 1969లో నౌకాదళ పరిశోధనశాల వచ్చింది. 1971లో జలాంతర్గాముల స్థావరం వీరబాహు, 1974లో వాటి శిక్షణ కేంద్రం శాతవాహన వచ్చాయి. సోవియట్ నిపుణులు కుటుంబాలతో ఊళ్ళో ఉండేవారు. ఇన్ని పనులు మొదలయ్యేసరికి పొట్టచేతపట్టుకుని జనం కదిలారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, సరిహద్దుకు ఇటువైపు ఊళ్ళ నుంచి కూలికి, ఫిట్టరు పనికి, వెల్డింగు పనికి వచ్చారు. ఐ.టి.ఐ. చదివి డాక్‌యార్డులో అప్రెంటిసుగా చేరితే ఇల్లు నిలబడినట్టేనని ఆ తరం తల్లిదండ్రులు నమ్మారు.

1971 యుద్ధం ఈ ఊరికీ దళానికీ మధ్య ఉన్న సంబంధాన్ని గట్టిచేసింది. అప్పుడు తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ విశాఖ ముందుకు వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు వినిపించింది. దీపాలార్పి కూర్చున్న ఊరు ఉలిక్కిపడింది. తెల్లవారాక నీటిమీద తేలుతున్న నూనెతెట్టునూ, శకలాలనూ చూసి నౌకాదళానికి కబురు చేర్చినవారిలో మన చేపలవాళ్ళు ఉన్నారు. ఘాజీ ఎలా మునిగిందన్న దానిమీద రెండు దేశాల వాదన రెండు రకాలు. కానీ సముద్రం మీద ఏ కొత్త వస్తువు తేలినా ముందు తెలిసేది వలవేసేవాడికేనన్న మాట మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

ఇక కాపురాల సంగతి. మీ ఇంటి పిల్లవాడికో అల్లుడికో విశాఖకు బదిలీ అయిందనుకోండి. దిగిన రోజే క్వార్టరు దొరకదు, వంతు రావాలి. అందాకా అద్దె ఇల్లు. మల్కాపురం, సింధియా, గాజువాక, కంచరపాలెం, మర్రిపాలెం, ఈ పేటలు పెరిగిందే అలా. ఒక గది, వంటకు చిన్న వసారా, అందరికీ ఒక్క నూతి. ఇంటివాళ్ళు తెలుగువాళ్ళు, ఎదురింట్లో బీహారు కుటుంబం, పక్కగదిలో మలయాళీలు. ఓడ వెళ్ళిందంటే నెలల తరబడి మగదిక్కు ఉండదు. పిల్లవాడికి జ్వరం వస్తే తోడు వెళ్ళేది పక్కింటావిడే. ఆవిడ భాష ఈవిడకు రాదు, ఈవిడ భాష ఆవిడకు రాదు. అయినా గిన్నెలో కూర అటూ ఇటూ వెళ్ళి వస్తుంది. రెండు మూడేళ్ళకు అలవాటు పడేసరికి మళ్ళీ బదిలీ కాగితం వస్తుంది. పిల్లల బడి మారుతుంది, స్నేహాలు మారతాయి. కేంద్రీయ విద్యాలయాలు ఉండబట్టి పుస్తకాలు మాత్రం మారవు.

ఊరి పేర్లలో కూడా దళం కలిసిపోయింది. విశాఖ బస్సులో కండక్టరు ‘ఎన్నేడీ, ఎన్నేడీ’ అని కేకవేస్తే కొత్తవారికి అర్థం కాదు. ఎన్.ఏ.డి. అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో, నౌకాదళం ఆయుధాల గిడ్డంగి. ఆ పక్క కూడలికి ఆ పేరే స్థిరపడింది. కూరగాయలమ్మే అవ్వ కూడా ఎన్నేడీ కొత్తరోడ్డు అనే అంటుంది. రేవు కాలువ పక్కన రాస్ హిల్ అనే చోట మూడు గుట్టల మీద గుడి, దర్గా, చర్చి పక్కపక్కనే ఉన్నాయి. లోపలికి వచ్చే నావికుడికి ముందు కనబడేవి అవే.

అయితే శ్రోతలారా, వచ్చినవారి కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. స్థావరానికి నేల కావాలి, ఒడ్డు కావాలి. ఆ నేల ఖాళీగా ఉండదు. అక్కడ ఒక జీడితోట, ఒక అమ్మవారి గుడి, పడవలు లాగే ఇసుకదారి ఉంటాయి. ఉత్తరాంధ్ర తీరమంతా జాలారులు, వాడబలిజలు. మీ గంజాం తీరంలోనూ, పూరీ పెంటకట్టలోనూ నోలియాలని పిలిచే తెలుగు చేపలవాళ్ళు వారి చుట్టాలే. విశాఖకు దక్షిణాన రాంబిల్లి దగ్గర ‘వర్ష’ అనే పేరుతో కొత్త స్థావరానికి 2000ల నడిమి కాలం నుంచి నేల సేకరించారు. పల్లెలు కదలవలసి వచ్చింది. పరిహారం గురించి, బదులు ఇచ్చే ఇళ్ళ గురించి, సముద్రం మీదికి వెళ్ళే దారి గురించి అక్కడి చేపలవాళ్ళు ఏళ్ళతరబడి అడుగుతూ వచ్చారు. వాళ్ళు అడిగింది దేశరక్షణకు అడ్డం కాదు. రైతుకు పొలం బదులు పొలం ఇవ్వవచ్చు, చేపలవాడికి సముద్రం బదులు ఏమిస్తారు? ఈ ప్రశ్నకు కొలతబద్దతో జవాబు దొరకదు. సొంత ఊళ్ళోంచి లేచి పోయేవాడికి, బదిలీ మీద వచ్చేవాడికి ఉన్నట్టు వెనక్కు తెచ్చే కాగితం ఏదీ ఉండదు. ఆ తేడా మనం మరిచిపోకూడదు.

ఇప్పుడు మళ్ళీ బడి దగ్గరికి వద్దాం. 1970ల చివరికి విశాఖలో ఓడలు పెరిగాయి, జలాంతర్గాములు పెరిగాయి, డాక్‌యార్డు పెరిగింది. ముప్పై ఏళ్ళకు పైగా అక్కడున్న కుర్రవాళ్ళ బడి 1980లో చిలికా ఒడ్డుకు తరలివెళ్ళింది. ఈసారి దేశం చీలి కాదు, యుద్ధం వచ్చి కాదు. ఇంట్లో మనుషులు పెరిగితే పెద్ద కొడుకు వేరు కాపురం పెట్టినట్టు వెళ్ళింది. కరాచీ రేవుతో మొదలైన ప్రయాణం విశాఖ మీదుగా మీ ముంగిటికి వచ్చి ఆగింది. ఉత్తర సర్కారుల పేరు పెట్టుకున్న ఆవరణ విడిచి, మళ్ళీ ఆ పాత సర్కారుల అంచుకే చేరింది.

2022 జూన్‌లో ప్రభుత్వం సైనిక నియామకాల పద్ధతి మార్చింది. దాని ప్రకారం చేరే అగ్నివీరుల సేవ నాలుగేళ్ళు. ఆపైన నాలుగో వంతు మించకుండా కొందరిని శాశ్వతంగా తీసుకుంటారు. మొదటి దళం, సుమారు 2,600 మంది, చిల్కాలో నాలుగు నెలల శిక్షణ ముగించి 2023 మార్చి 28న కవాతు చేశారు. అందులో 270 మందికి పైగా ఆడపిల్లలు. ఒకప్పుడు కుర్రవాళ్ళ బడి అని పేరున్న చోట ఆడపిల్లలు అడుగు కలిపి నడవడం ఈ ప్రయాణంలో కొత్త మజిలీ.

ఇక్కడ ఒక ఆలోచన వస్తుంది. మల్కాపురం, గాజువాక వంటి పేటలు పెరగడానికి కారణం నావికుడు పదిహేనేళ్ళు, అంతకు పైన కూడా కొలువులో ఉండడం. పెళ్ళి చేసుకున్నాడు, కాపురం తెచ్చాడు, పిల్లల్ని చదివించాడు, రిటైరయ్యాక నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అలా పంజాబు మనిషి విశాఖ మనిషి అయ్యాడు. అగ్నివీరుడుగా చేరడానికి పెళ్ళికానివాళ్ళే అర్హులు. నాలుగేళ్ళకు చాలామంది ఇంటికి తిరిగివస్తారు. వాళ్ళకు స్థావరం ఒక మజిలీయే గాని ఊరు కాలేదు. దీనివల్ల రేవు ఊళ్ళ పేటలు ఎలా మారతాయో, తిరిగివచ్చిన పిల్లలు మన ఊళ్ళలో ఏ పనిలో కుదురుకుంటారో, ఆ పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవలసిన సంగతి.

2011 లెక్కల్లో విశాఖ మహానగరం జనాభా 17 లక్షలు దాటింది. నలభై వేల ఊరు అంత నగరం కావడానికి రేవు, ఓడల కార్ఖానా, ఉక్కు కర్మాగారం, నౌకాదళం అన్నీ కారణాలే. రామకృష్ణా బీచిలో కురుసుర అనే జలాంతర్గామి ఉంది. 1969లో దళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా నిలిచింది. మీరు విశాఖ వెళితే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. ఆ ఇరుకు సొరంగంలాంటి చోట అన్ని రాష్ట్రాల మనుషులు ఒకరి భుజం ఒకరికి తగులుతూ నెలల తరబడి ఎలా బతికారో చెప్పండి.

ఈసారి రైలులో చిలికా పక్కనుంచి పోతున్నప్పుడు ఆ గోడ వైపు ఒకసారి చూడండి. ఆ గోడ లోపల ఇవాళ పెట్టె దింపిన పిల్ల గాని పిల్లవాడు గాని ఈ రాత్రి నిద్రపట్టక పక్కమీద దొర్లుతూ ఉంటారు. ఎదుటివాడి భాష ఇంకా రాదు. మన తాతముత్తాతలు ఈ ఒడ్డుకు వచ్చిన మొదటి రాత్రి కూడా అలాంటిదే అయి ఉంటుంది. పరాయిచోట పాదు పట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళం మనం. కాబట్టి బాలుగావ్ బజారులో ఆ పిల్లలెవరైనా దారి అడిగితే, ఏ భాషలో అడిగినా సరే, కాస్త నిలబడి చెప్పండి.